నా నంబరు రాయించుకున్న ఆడవాళ్లు

ఈ సంగతి జరిగిన కాలంలో నాకు సంతకం కూడా రాదు. జీతం తీసుకునేటప్పుడు వేలిముద్ర వేసేదాన్ని. తర్వాత అక్షరాలు వచ్చాయి గానీ రాయడానికి వీల్లేకపోయింది, ఎందుకంటే ఇందులో సగం నాది కాదు, ఇంకొక ఆమెది. ఆమె తన జబ్బు సంగతి తనంతట తానుగా తన వాళ్లకు చెప్పుకుని, "ఇంక రాసుకో ఎస్తేరక్కా, పేరు మాత్రం మార్చు" అన్న తర్వాతే నేను కాగితం ముందు కూర్చున్నాను. ఆమెను ఇక్కడ లక్ష్మీదేవి అంటాను.

రాష్ట్రం విడిపోయిన మరుసటి సంవత్సరం ప్రొద్దుటూరులోని ఒక ట్రస్టు ఆసుపత్రిలో నన్ను కాన్పుల వార్డు నుంచి వరండా చివరి గదికి మార్చారు. ఆ గది తలుపు మీద బోర్డు ఉండేది కాదు. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు నెలనెలా మందులిచ్చే గది అది. గదికి పెద్ద డాక్టరుగారు. ఆయన తర్వాత కౌన్సెలర్ సుజాత మేడమ్. జబ్బు గురించి వివరించడం, ధైర్యం చెప్పడం, కంప్యూటరులో వివరాలు ఎక్కించడం ఆమె పని. రక్తం తీసే టెక్నీషియన్ ఒకరు, మందులిచ్చే ఫార్మసిస్టు ఒకరు. అందరికంటే కింద ఆయాను, నేను. గది ఊడ్చి తుడవడం, రక్తం గొట్టాలు ల్యాబుకు చేర్చడం, వచ్చినవాళ్లను వరుసలో లోపలికి పంపడం నా పనులు.

నన్నే ఎందుకు వేశారో సూపరింటెండెంటుగారు దాచలేదు. ఎస్తేరమ్మకు చదువు రాదు, ఏ కాగితం కంటపడినా బయటికి పోదు అన్నారు. నేను దాన్ని తప్పుగా తీసుకోలేదు. అది నిజమే.

ఆ గదిలో పేరు పెట్టి పిలవకూడదన్నది మొదటి నియమం. వరండాలో పదిమంది కూర్చుని ఉంటారు, వాళ్లలో ఎవరి ఊరివాళ్లు ఎవరో తెలియదు. టోకెను నంబర్లు ఇచ్చి పిలవాలి. నేను అవి కూడా పెద్దగా చూసేదాన్ని కాదు, కట్టుకున్న బట్ట చూసి పిలిచేదాన్ని. "నీలం చీర, రామ్మా." "ఎర్ర తువ్వాల మామా, నీ వంతు." ఒకరోజు పచ్చ చీర అని పిలిస్తే ముగ్గురు లేచారు. వాళ్లలో ఒకామె, "ఏ పచ్చ ఎస్తేరక్కా, చిలకపచ్చా, అరిటాకు పచ్చా? సరిగ్గా చెప్పు, పెండ్లి చూపులకు పిలిచినట్లు అందర్నీ లేపుతాండావు" అంది. ఆ వరండాలో జనం నవ్వడం అరుదు. ఆ రోజు నవ్వారు. ఆ మాట అన్నది లక్ష్మీదేవే.

ఆమెది జమ్మలమడుగు పక్క పల్లె. భర్త చిన్న వయసులోనే ఇదే జబ్బుతో పోయాడు. ఊరికి మాత్రం కామెర్లతో పోయాడని తెలుసు. ఆమె ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండేది. వండే మనిషికి ఈ జబ్బు ఉందని తెలిస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. వేరే పల్లెలో ఒక వంటామె విషయంలో అట్లాగే జరిగిందట. పిల్లల్ని ఇంటి నుంచి క్యారియర్లు తెచ్చుకోమన్నారు, వండిన అన్నం గంగాళంలో అట్లాగే మిగిలిపోయింది. "పిల్లోళ్లు నా పప్పు కోసం గంట కొట్టకముందే గిన్నెలు పట్టుకోని నిలబడతారక్కా. వాళ్లు నా చేతిది వద్దన్న రోజు నేను ఆ ఊర్లో ఉండలేను" అని ఒకసారి నాతో అంది. బడిలో తినే పిల్లలకు దానివల్ల ఏ హానీ లేదని సుజాత మేడమ్ ఎన్నోసార్లు చెప్పింది. ఆ సంగతి లక్ష్మీదేవికి తెలుసు. ఊరికి తెలియదు.

ఇక ఫోను సంగతి. కంప్యూటరులో మనిషి వివరాలు ఎక్కించాలంటే మొబైల్ నంబరు తప్పనిసరి. ఆ గడి ఖాళీగా వదిలితే ముందుకు పోదు. వచ్చే ఆడవాళ్లలో చాలామందికి సొంత ఫోను లేదు. ఇంట్లో ఉండే ఫోను మరిది చేతిలోనో, అత్త కొంగు ముడిలోనో ఉంటుంది. ఆ నంబరు ఇస్తే మందుల తేదీ మెసేజీ నేరుగా వాళ్లకే పోతుంది. మొదట ఎవరో ఒకామె, "నీ నంబరు రాయించుకోనా అక్కా?" అని అడిగింది. సరేనన్నాను. ఆమెను చూసి ఇంకొకామె. చివరికి నంబరు అడిగేచోట వాళ్లు నోరు తెరిచేలోపే సుజాత మేడమ్ నా వైపు చూసేది.

మెసేజీ వస్తే నా ఫోను మోగేది. మరునాడు పొద్దున సుజాత మేడమ్ చూసి ఎవరు రావాలో చెప్పి చెరిపేసేది. ఆ ఆడవాళ్లు ఎవరి ఇంటి ఫోను నుంచో నాకు చేసేవాళ్లు. "అక్కా, నా జాకెట్టు కుట్టినావా?" అని అడిగేవాళ్లు. రావాల్సిన సమయమైతే, "కుట్టినా, బేస్తవారం వచ్చి తీసుకపో" అనేదాన్ని. ఈ పద్ధతి పెట్టిందీ వాళ్లే. ఎన్నో ఇళ్లలో నా నంబరు ప్రొద్దుటూరు టైలరు ఎస్తేరమ్మ. నా జన్మలో సూదిలో దారం ఎక్కించింది తప్ప జాకెట్టు కుట్టింది లేదు. ఒక అత్తగారు మాత్రం ఫోను లాక్కుని నన్ను బాగా దులిపింది. "ఒక జాకెట్టుకు నెలనెలా తిరగాల్నా? ఇంత నిదానమైతే ఎవురిస్తారు నీకు గిరాకీ?" అంది. మిషను చెడిపోయిందమ్మా అన్నాను.

కొన్నాళ్లు ఇది బాగానే నడిచింది. తర్వాత రెండు మార్పులు ఒకేసారి వచ్చాయి. మా చెల్లెలి కొడుకు దావీదు తాను వాడిన పెద్ద ఫోను నాకిచ్చాడు. అందులో మెసేజీ వస్తే ఫోను తెరవకుండానే అద్దం మీద అక్షరాలు కనపడతాయి. తాళం పెట్టించుకోలేదు, సుజాత మేడమ్ రోజూ చూడాలి కదా అని. అదే కాలంలో ట్రస్టువాళ్లు మెసేజీలు పంపే కంపెనీని మార్చారు. పాత మెసేజీలో మనిషికిచ్చిన నంబరు, తేదీ మాత్రం ఉండేవి. కొత్తదానిలో మనిషి పేరు, మా విభాగం పేరు, మందులు తీసుకోవాలన్న మాట అన్నీ ఇంగ్లీషులో వచ్చేవి. ఎవరి ఫోను వాళ్ల దగ్గరే ఉంటుందని ఆ కంపెనీవాళ్లు అనుకున్నారు. మా వైపు ఇళ్లలో ఫోను ఎట్లా చేతులు మారుతుందో వాళ్లకు తెలిసే దారి లేదు.

మా చెల్లెలు సారమ్మది పులివెందుల. ఆమెకు కంట్లో శుక్లం తీశారని తెలిసి ఒక రోజు సెలవు పెట్టి పోయాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఫోను ఒడిలో పెట్టుకున్నాను. స్టాండులో దావీదు తన ఆటో తెచ్చి పిలుస్తుంటే, సంచీ చూసుకుని దిగిపోయాను. ఇంటికి పోయి, చెల్లెలి నల్ల కళ్లద్దాలు చూసి, నాలుగు మాటలు మాట్లాడాక నడుము దగ్గర తడుముకుంటే ఫోను లేదు.

ఫోను ఖరీదు గురించి నాకు ఆలోచన రాలేదు. పొద్దున బస్సెక్కేముందు అది మోగింది. ఆ మెసేజీ ఎవరిదో నాకు తెలియదు. ఎవరిదైనా పేరు పైనే ఉంటుంది.

దావీదు తన ఫోనుతో నా నంబరుకు చేశాడు. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎవరో మగమనిషి ఎత్తాడు. నేను ఫోను లాక్కున్నాను.

"అన్నా, ఆ ఫోను నాది. బస్సులో మర్చిపోయినా."

"నీదా? అట్లయితే లక్ష్మీదేవివి నువ్వేనా?" అన్నాడతను.

అవునంటే ఒకటి, కాదంటే ఒకటి. "ఆ పేరు నీకెవురు చెప్పినారన్నా?" అన్నాను.

"ఫోను పైన ఇంగ్లీషులో ఏందో ఉండాదమ్మా. నాకు ఇంగ్లీషు రాదు. ఎవురిదో తెలిస్తే ఇచ్చేద్దామని ఫొటో తీసి మా చీనీ రైతుల గ్రూపులో పెట్టినా, చదివి చెప్పండప్పా అని. లక్ష్మీదేవి అని చెప్పినారు. ఇంకా ఏందేందో చెప్తాండారు. నువ్వు రా, చీనీకాయల మండీలో ఉండా. ఓబులేసు అంటే ఎవురైనా చూపిస్తారు."

అతను చేసింది ఉపకారమే. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. దొంగ అయితే ఫోను ఆపేసి అమ్ముకునేవాడు, ఆ మెసేజీ ఎవరి కంటా పడేది కాదు.

దావీదు ఆటోలో మండీకి పోయాం. దారి పొడవునా నేను ఆ గ్రూపులో ఎవరెవరు ఉంటారో ఊహించుకుంటూనే ఉన్నాను. చీనీ అంటే బత్తాయి. ఆ తోటలు పులివెందులలోనే కాదు, ముద్దనూరు దిక్కు ఉన్నాయి, జమ్మలమడుగు దిక్కు ఉన్నాయి. తోటలున్నవాళ్లకు పిల్లలుంటారు. పిల్లలు బడికి పోతారు.

ఓబులేసు యాభై దాటిన మనిషి, కాయల రాశి పక్కన గోనెపట్టా మీద కూర్చుని ఉన్నాడు. నా ఫోను అతని తొడ పక్కనే ఉంది. "రామ్మా, కూర్చో. నీ ఫోను పుణ్యమా అని ఇందాకట్నుంచి మా గ్రూపులో ఒకటే గోల" అని, నేనేమీ అనకముందే తన ఫోనులో వచ్చిన మాటలు వినిపించడం మొదలుపెట్టాడు. ఆ గ్రూపులో ఎవరూ టైపు చేసేవాళ్లు కాదు, అందరూ మాట్లాడి పంపేవాళ్లే. చదవడం రాకపోయినా వినడానికి నాకు అడ్డేముంది.

మొదటి గొంతు కుర్రవాడిది. "అది ఎయిడ్సు మందులిచ్చే చోటు మామా. యాడ దొరికిందో ఏమో, ముందు చేతులు కడుక్కో." వెనక ఎవరో నవ్వారు.

రెండో గొంతు పెద్దమనిషిది, నవ్వులేదు. "జమ్మలమడుగు పక్క మా అక్కోళ్ల ఊరి బడిలో లక్ష్మీదేవి అని ఒకామె వంట చేస్తాది. మొగుడు చిన్నప్పుడే పోయినాడు. నెలనెలా ప్రొద్దుటూరు పోతాదంట. ఆయమ్మేనేమో కనుక్కోండప్పా. మా అక్క పిల్లోళ్లు ఆడనే తింటారు."

ఓబులేసు ఫోను ఆపి నా ముఖంలోకి చూశాడు. దావీదు కూడా చూశాడు. ఆ రెండో గొంతుకు ఎవరో ఒకరు జవాబు చెప్పేలోపే దాన్ని ఆపాలి. ఆ లక్ష్మీదేవి కాదు అంటే, మరి ఏ లక్ష్మీదేవి అని అడుగుతారు. నేను ఆసుపత్రి ఆయాను, ఆ వివరాలు చెప్పకూడదు అంటే, జబ్బు మనిషి నిజంగా ఉన్నట్లే, వెతకడమే తరువాయి.

"నేనే అన్నా ఆ లక్ష్మీదేవిని" అన్నాను.

"పెద్దమ్మా, నీ పేరు..." అన్నాడు దావీదు.

"ఆడ సొంత పేరు ఎవురు చెప్తార్రా? నోటికొచ్చిన పేరు రాయించినా. మందులు నాయే."

ఓబులేసు తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. ఆ చేతులతోనే అప్పటిదాకా నా ఫోను పట్టుకుని ఉన్నాడు. తర్వాత తన ఫోను నోటి దగ్గర పెట్టుకుని గ్రూపుకు చెప్పాడు. "ఫోను మనిషి దొరికిందప్పా. ప్రొద్దుటూరు ముసలామె, నా ఎదురుగానే ఉండాది. వంటామె గాదు, ఇంకొకామె గాదు. ఊరోళ్ల ఆడోళ్ల పేర్లు ఎత్తబాకండి, ఇంక మూసుకోండి." ఆ ఫొటోను నా ముందే తీసేశాడు.

"అందరి ఫోన్లలోనూ పోయినట్లేనా అన్నా?" అని అడిగాను.

"పోయినట్లే. ఎవురన్నా ముందే దాపెట్టుకోనింటే అది నా చేతిలో లేదమ్మా."

లేచేటప్పుడు అతను ఒక సంచీలో చీనీకాయలు పోసి ఇచ్చాడు. "రసం తీసుకోని తాగు, మందులకు ఒళ్లు వేడి చేస్తాది" అన్నాడు. సంచీ చివర పట్టుకుని, నా చేయి తగలకుండా ఇచ్చాడు. మంచివాడే. అంతకంటే అతనికి తెలియదు.

ఇంటికి రాగానే దావీదు వంటింట్లోకి పోయి భార్యతో గొంతు తగ్గించి ఏదో చెప్పాడు. పొద్దు గూకాక భోజనం పెట్టారు. ఎప్పుడు పోయినా నాకు మా చెల్లెలి పక్కన స్టీలు కంచంలో పెట్టేవాళ్లు. ఆ రోజు చెల్లెలికి స్టీలు కంచం, నాకు పేపరు ప్లేటు. నీళ్లు పేపరు గ్లాసులో. ఏదో శుభకార్యంలో మిగిలినవి, అంచున పూలు అచ్చువేసి ఉన్నాయి.

కంచంతో ఈ జబ్బు రాదని ఆ వరండాలో ఎన్ని కుటుంబాలకు చెప్పానో లెక్క లేదు. అదే మాట దావీదు భార్యకూ చెప్పాను. "తెలుసు పెద్దమ్మా, చదివినా. చిన్నపిల్లోళ్లు ఉండారు గదా, అందుకే" అంది తల ఎత్తకుండా.

మా చెల్లెలు, "ఎప్పట్నుంచి అక్కా?" అని అడిగింది. కన్ను ఆపరేషను అయిన మనిషి, ఏడవకూడదని డాక్టరు చెప్పాడు. ఇది నాది కాదే అని ఒక్క మాట చెబితే అయిపోతుంది. కానీ దావీదు బావమరిదికి చీనీ తోట ఉంది, అతను ఆ గ్రూపులోనే ఉన్నాడు. ఈ ఇంట్లో చెప్పిన మాట పొద్దునకల్లా అక్కడికి చేరుతుంది. "తిను సారా, అన్నం చల్లారుతాంది" అని మాత్రం అన్నాను. నేనూ తిన్నాను. ప్లేటు మెత్తబడి చారు చాప మీదికి కారింది.

ఆ నెలంతా జమ్మలమడుగు బస్సు వచ్చే వేళకు నేను వరండాలోకి వచ్చి చూసేదాన్ని. లక్ష్మీదేవి తన తేదీకి వచ్చింది. మునుపటిలాగే ఉంది. "ఒక సంగతి జరిగిందక్కా" అని తనే మొదలుపెట్టింది. బడి దగ్గర ఎవరో, నువ్వు ప్రొద్దుటూరులో మందులు తీసుకుంటావా అని అడిగారట. ఆమె జవాబు వెతుక్కునేలోపే పక్కనున్నవాళ్లు, "ఈయమ్మ గాదులే, అది ఎవురో ప్రొద్దుటూరు ముసలామె అంట" అన్నారట. "ఎవురో ఏమో పాపం ఆ ముసలామె" అంది లక్ష్మీదేవి.

ఆ ముసలామె ఎవరో, మెసేజీ ఎట్లా బయటికి పోయిందో అప్పుడు చెప్పాను. ఆమె వరండా వైపు చూస్తూ వినింది. చివరికి, "మీ చెల్లెలోళ్లు ఏమన్నారు?" అని అడిగింది.

"పేపరు ప్లేటులో పెట్టినారు."

"ప్లేటన్నా పెట్టినారు లే" అంది.

మా చెల్లెలికి అసలు సంగతి పోయిన నెలే చెప్పాను, లక్ష్మీదేవి సరేనన్నాక. ఇన్నేళ్లూ ఆ ఇంట్లో నేను పేపరు ప్లేటులోనే తిన్నాను.

పనిలో వచ్చిన మార్పులు కొన్ని చెప్పాలి. సుజాత మేడమ్ డాక్టరుగారి ద్వారా ట్రస్టుకు రాయించి మెసేజీలో పేరు, విభాగం తీసేయించింది. నంబరు రాసుకునే ముందు, ఈ ఫోను ఇంట్లో ఎవరి దగ్గర ఉంటుంది, ఎవరు చదువుతారు అని అడగడం మొదలుపెట్టాం. అంతకుముందు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నా నంబరు అన్నిచోట్లా కొట్టేయించాను. ఫోను లేనివాళ్లకు మెసేజీయే లేదు. సంత తర్వాత రెండో రోజు, ఫలానా పండగకు ముందు రోజు అని గుర్తు చెప్పి పంపేవాళ్లం. ఎక్కువమంది తప్పకుండా వచ్చారు.

నేను నేర్చుకున్నది ఇది. నాకు చదువు రాదు కాబట్టి నా దగ్గరున్న సంగతి భద్రమని అందరూ అనుకున్నారు, నేను కూడా అనుకున్నాను. నాకు చదవడం రానంత మాత్రాన ఆ ఫోను చదవడం రానివాళ్ల చేతుల్లోనే తిరుగుతుందని ఏమీ లేదు. ఇంకొకరి సంగతి దాచే మనిషికి, దాచేది ఏమిటో, అది ఏ రూపంలో ఉందో తెలిసి ఉండాలి. ఒకసారి బయటికి పోయింది పూర్తిగా వెనక్కి రాదు. ఓబులేసు తీసేసిన ఆ ఫొటో ఎవరి ఫోనులోనైనా ఉందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

పులివెందుల నుంచి వచ్చిన మరునాటి పొద్దున నేను చేసింది మాత్రం ఇంతే. మొదటి బస్సుకు ప్రొద్దుటూరు వచ్చి నేరుగా ఆసుపత్రికి పోయాను. చీపురు పట్టుకోకముందే సుజాత మేడమ్ కోసం ఎదురుచూశాను. ఆమె రాగానే జరిగింది చెప్పి, పిల్లలు ఆడుకోవడానికి మూలన పెట్టిన పలక ఆమె ముందు పెట్టాను. లక్ష్మీదేవి పేరు ఫోనులో వచ్చినట్లే ఇంగ్లీషులో రాయమన్నాను. చెరపాల్సినవి నేను చెరిపేస్తాలే అక్కా అంది మేడమ్. మీరు సెలవులో ఉన్న రోజు ఏది చెరపాలో నాకు తెలియాలి కదా అన్నాను.

ఆమె రాసింది. ఆ గీతల మీద వేలు పెట్టి ఎన్నోసార్లు దిద్దాను. నేను మొదట గుర్తుపట్టడం నేర్చుకున్న మాట నా పేరు కాదు, అది. తర్వాత ఫోనులో చెరపకుండా మిగిలిపోయిన ఒక్కొక్క మెసేజీ పలక పక్కన పెట్టి పోల్చి చూశాను. ఆ పేరు కనబడిన ప్రతిచోటా మేడమ్ చూపించిన గుర్తు నొక్కి చెరిపాను. మిగిలిన ఆడవాళ్ల పేర్లు కూడా ఒకటి తర్వాత ఒకటి రాయించుకుని అట్లాగే చేశాను. ఫోనుకు తాళం పెట్టించుకుని, అంకెలు నేనే నొక్కాను. మేడమ్ ముఖం పక్కకు తిప్పుకుంది.

పలకను తడిగుడ్డతో తుడిచి మూలన పెట్టాను. గది ఊడ్చి తలుపు తీసేసరికి వరండాలో నలుగురు కూర్చుని ఉన్నారు. ముందున్నామెను చూసి, "పసుపు చీర, రామ్మా" అన్నాను.